పీఈఐ పార్టికల్ కణంలోకి వెళ్లడం లేదా, వెళ్లి అక్కడే చిక్కుకుపోతోందా?

ముందు ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. అడిగిన అమ్మాయిది చిత్తూరు. తిరుపతిలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం ప్రాజెక్టు చేస్తున్నారు. జీన్‌ను కణంలోకి మోసుకెళ్లే పాలిమర్‌గా 25 కిలోడాల్టన్ల బ్రాంచ్డ్ (కొమ్మలున్న) పాలీఇథిలీన్ ఇమీన్, అంటే పీఈఐ తీసుకుని, జీఎఫ్‌పీ అనే పచ్చగా వెలిగే ప్రొటీన్ జీన్ ఉన్న ప్లాస్మిడ్‌తో (గుండ్రటి డీఎన్ఏతో) కలిపి నానో పార్టికల్స్ చేశారు. సైజు 90 నానోమీటర్లు వచ్చింది, జీటా పొటెన్షియల్, అంటే పార్టికల్ పైన ఛార్జి అంచనా, ప్లస్ 30 మిల్లీవోల్టులు, జెల్‌లో డీఎన్ఏ వెల్ (గుంట) దాటి కదల్లేదు. అంతా బాగుందనుకుని హెచ్ఈకే 293 కణాల (మనిషి కిడ్నీ నుంచి వచ్చిన ల్యాబ్ కణాలు) మీద వేస్తే నూటికి ఐదారు మాత్రమే పచ్చగా వెలిగాయి, దాదాపు సగం ఊడి పైకి తేలాయి. నిష్పత్తి "10:1" అని రాశారు. పాలిమర్ మార్చి కైటోసాన్‌కో పీఎల్‌జీఏకో వెళ్లాలా అన్నది మొదటి ప్రశ్న. మేనత్త కొడుక్కి హీమోఫీలియా ఎ (ఫ్యాక్టర్ 8 అనే ప్రొటీన్ లోపంతో రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉంది, ఈ పద్ధతి అతనికి ఎప్పటికి పనికొస్తుందని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు, ఏం చెప్పాలి అన్నది రెండోది.

అమ్మా, నేనూ తిరుపతిలోనే చాలా ఏళ్లుగా సెల్ కల్చర్ పని చేస్తున్నాను, విద్యార్థుల చేత చేయిస్తున్నాను. పాలిమర్ మార్చే ఆలోచన కొన్నాళ్లు పక్కన పెట్టండి. మీ దగ్గరున్న మూడు ఫలితాలూ పార్టికల్ కణం బయట ఎలా ఉందో మాత్రమే చెబుతున్నాయి. కణం లోపల అది ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో వాటిలో లేదు. అది తెలుసుకోకుండా పాలిమర్ మారిస్తే కొత్త పాలిమర్‌తోనూ ఇదే చోట నిలబడతారు.

మొట్టమొదట ఆ "10:1" సంగతి. అది బరువుల నిష్పత్తా, ఎన్/పి నిష్పత్తా? మీరు రాయలేదు. పేపర్లలో సాధారణంగా ఎన్/పి అని రాస్తారు, అంటే పాలిమర్‌లోని నైట్రోజన్ల సంఖ్యకూ డీఎన్ఏలోని ఫాస్ఫేట్ల సంఖ్యకూ ఉన్న నిష్పత్తి. లెక్క వేద్దాం. డీఎన్ఏలో ఒక్కో న్యూక్లియోటైడ్ సగటు బరువు 330, దానికి ఒక ఫాస్ఫేట్. కాబట్టి 1 మైక్రోగ్రాము డీఎన్ఏలో సుమారు 3 నానోమోల్‌ల ఫాస్ఫేట్ ఉంటుంది. పీఈఐలో ఒక్కో యూనిట్ బరువు 43, దానికి ఒక నైట్రోజన్. 1 మైక్రోగ్రాము పీఈఐలో సుమారు 23 నానోమోల్‌ల నైట్రోజన్. ఎన్/పి 10 కావాలంటే 30 నానోమోల్‌లు చాలు, అంటే 1 మైక్రోగ్రాము డీఎన్ఏకి 1.3 మైక్రోగ్రాముల పీఈఐ. మీరు గనక బరువులో 10 రెట్లు వేసి ఉంటే మీ అసలు ఎన్/పి 77 దాకా పోయింది. ఆ మోతాదుకు హెచ్ఈకే కణాలు సగం మిగలడమే ఎక్కువ. నాకు మొదటి అనుమానం ఇక్కడే.

ఇదే లెక్కలో ఇంకో చిక్కు ఉంది. రేపు మీరు లీనియర్ పీఈఐ కొంటే అది హైడ్రోక్లోరైడ్ ఉప్పు రూపంలో రావచ్చు. అప్పుడు యూనిట్ బరువు 43 కాదు, 79.5 అవుతుంది. సీసా మీద ఏం రాసుందో చూసి లెక్క మార్చుకోవాలి. ఉప్పు రూపం మామూలు నీళ్లలో కరుగుతుంది. ఫ్రీ బేస్ అయితే వేడినీళ్లు కావాలి, లేదా ఆమ్లం వేసి కరిగించి పీహెచ్ 7కి తెచ్చి 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టాలి.

ఎన్/పి 10 సరిగ్గానే వేశారనుకుందాం. అప్పుడు కూడా వేసిన పీఈఐ అంతా డీఎన్ఏని పట్టుకుని ఉండదు. డీఎన్ఏ పూర్తిగా ముడుచుకుపోవడానికి ఎన్/పి 3 చుట్టుపక్కల సరిపోతుంది. మిగిలినదంతా విడిగా ద్రావణంలో తిరుగుతుంటుంది. కణాల పొరను ఎక్కువగా దెబ్బతీసేది ఈ విడి పీఈఐ. అలాగని దాన్ని తీసేస్తే సరిపోదు. పార్టికల్స్‌ని శుభ్రం చేసి విడి పీఈఐ తీసేసినప్పుడు కణాలు బతుకుతాయి కానీ ట్రాన్స్‌ఫెక్షన్ (జీన్ కణంలోకి వెళ్లి పని చేయడం) కూడా పడిపోతుందని చాలామంది చూశారు. పార్టికల్‌ను కణం లోపలికి లాక్కునే సంచి ఎండోసోమ్. దానిలోంచి బయటపడడానికి ఆ విడి పాలిమరే సాయం చేస్తోంది. చంపేదీ పని చేయించేదీ ఒకటే కావడం పీఈఐతో వచ్చే అసలు ఇబ్బంది. అందుకే ఎన్/పి 4, 6, 8, 10 వేసి చూడమంటాను. డీఎన్ఏ మోతాదును కూడా రెండు రకాలుగా పెట్టండి. 24 వెల్ ప్లేట్‌లో వెల్‌కి అర మైక్రోగ్రాము చాలు.

ఇక తేలిన కణాల గురించి. అవన్నీ చచ్చిపోయాయని ఎలా నిర్ధారించారు? హెచ్ఈకే కణాలు ప్లేట్‌కి బలంగా అంటుకోవు. ఏసీ గదిలో ప్లేట్‌ని కాసేపు బయట ఉంచినా, చల్లటి బఫర్‌తో కడిగినా బతికున్నవి కూడా గుండ్రంగా అయి ఊడిపోతాయి. మీడియం (కణాల పోషక ద్రావణం), పీబీఎస్ (కడిగే బఫర్) రెండూ 37 డిగ్రీలకు వెచ్చబెట్టి వాడండి, ప్లేట్ అంచు మీదుగా మెల్లగా పోయండి. తేలినవాటిని పారబోయకుండా తీసి ట్రైపాన్ బ్లూ (చచ్చిన కణాలకే పట్టే రంగు) వేసి లెక్కపెట్టండి. చచ్చిన కణాలు వాటంతటవే కొంచెం పచ్చగా మెరుస్తాయి కూడా. మీరు చూసిన ఐదారు శాతంలో అవి ఎన్నో తెలియాలంటే జీఎఫ్‌పీ లేని వేరే ప్లాస్మిడ్‌తో చేసిన పార్టికల్స్ ఒక వెల్‌లో పెట్టాలి. కణాలు మాత్రమే ఉన్న వెల్, ఒట్టి ప్లాస్మిడ్ వేసిన వెల్, అంతే మోతాదు ఒట్టి పీఈఐ వేసిన వెల్ కూడా ఉండాలి. ఇవి లేని ఫలితాన్ని వైవాలో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

సైజు విషయానికొస్తే, 90 నానోమీటర్లు ఎందులో కొలిచారు? నీళ్లలోనో 5 శాతం గ్లూకోజ్‌లోనో కొలిస్తే పీఈఐ పార్టికల్స్ చిన్నగానే ఉంటాయి. 150 మిల్లీమోలార్ ఉప్పు నీటిలో అవి ఒకదానికొకటి అంటుకుని నిమిషాల్లో పెరిగిపోతాయి, గంటలో మైక్రాన్ దగ్గరికి పోవచ్చు. మీ మీడియంలో ఉన్నదీ ఉప్పే. కాబట్టి సీరమ్ లేని మీడియంలో కలిపిన వెంటనే ఒకసారి, 10 నిమిషాలకు, అరగంటకు, గంటకు కొలవండి. సీరమ్ ఉన్నదాంట్లో ప్రొటీన్ల వల్ల రీడింగ్ గజిబిజి అవుతుంది.

ఇక్కడ చాలామందిని పక్కదారి పట్టించే సంగతి ఒకటుంది. ప్లేట్‌లో పెద్ద ముద్దలే ఎక్కువ ట్రాన్స్‌ఫెక్షన్ ఇస్తాయి. బరువుకి కిందికి దిగి నేరుగా కణాల మీద పడతాయి కాబట్టి. పేపర్‌లో "మా నానో పార్టికల్ 80 శాతం ఇచ్చింది" అని ఉన్నా, పని చేసింది నానో సైజు పార్టికలేనని ఖాయంగా చెప్పలేం. అదే ముద్ద రక్తంలోకి వెళితే ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. మీ ప్రాజెక్టు కణాల దగ్గరే ఆగుతుంది కనుక పెద్ద ముద్దలు వచ్చినా నష్టం లేదు. రిపోర్టులో మాత్రం ఏ సైజు పార్టికల్ పని చేసిందో నిజాయితీగా రాయండి.

ఇప్పుడు లోపలి ప్రయాణం. ప్లస్ ఛార్జి ఉన్న పార్టికల్ కణం మీద ఉండే హెపరాన్ సల్ఫేట్ లాంటి మైనస్ ఛార్జి చక్కెర గొలుసులకు అతుక్కుంటుంది. కణం దాన్ని పొరతో చుట్టి లోపలికి లాక్కుంటుంది. ఆ సంచి ఎండోసోమ్. దానిలో పీహెచ్ 7.4 నుంచి 6కి, 5కి దిగుతుంది, ఆఖరికి లైసోసోమ్ అనే జీర్ణ సంచిలో కలిసిపోతుంది, డీఎన్ఏ ముక్కలైపోతుంది. ఆలోపే బయటపడాలి. పీఈఐ ఎందుకు బయటపడుతుందో 1995లో దాన్ని జీన్ డెలివరీకి మొదట వాడిన ఫ్రెంచ్ బృందం ఒక వివరణ ఇచ్చింది. పీఈఐ గొలుసులో ప్రతి మూడో పరమాణువూ నైట్రోజనే. ఎండోసోమ్‌లోకి పంప్ అయ్యే ప్రొటాన్లను అది పీల్చుకుంటుంది. ప్రొటాన్లు ఇంకా వస్తూ ఉంటాయి, వాటితో క్లోరైడ్, దాని వెనక నీరు వచ్చి చేరతాయి. సంచి ఉబ్బి పగులుతుంది. ప్రొటాన్ స్పాంజ్ అని దీన్నే అంటారు. ఇది పూర్తిగా తేలిన విషయం కాదని మీ రిపోర్టులో రాయండి. 2013లో లైసోసోమ్ పీహెచ్‌ను కొలిచినవాళ్లకు పీఈఐ వల్ల అందులో మార్పు కనిపించలేదు. పీఈఐ నేరుగా పొరను పలచన చేసి చిల్లు పెడుతుందని వాదించేవాళ్లు ఉన్నారు. నా ఉద్దేశంలో రెండూ కొంత కొంత జరుగుతాయి.

ఈ మెట్టు ఎంత కష్టమో తెలియాలంటే లిపిడ్ నానో పార్టికల్స్‌తో 2013లోనే వచ్చిన ఇంకో కొలత చూడాలి. కణంలోకి వెళ్లిన ఎస్ఐఆర్ఎన్ఏ (జీన్‌ను అణచే చిన్న ఆర్ఎన్ఏ)లో ఎండోసోమ్ దాటి సైటోప్లాజమ్‌లో పడింది 1 నుంచి 2 శాతమే.

మీ పార్టికల్ ఈ మెట్టు దగ్గరే ఆగిందా అని చూసే చవకైన పద్ధతి క్లోరోక్విన్, ఎండోసోమ్ నుంచి బయటపడడానికి సాయపడే మలేరియా మందు. 100 మైక్రోమోలార్ క్లోరోక్విన్‌ను పార్టికల్స్‌తో పాటు వేసి నాలుగు గంటల తరవాత మీడియం మార్చండి. క్లోరోక్విన్ కూడా కణాలకు విషమే కాబట్టి దానికి విడిగా కంట్రోల్ ఉండాలి. పచ్చదనం బాగా పెరిగితే అడ్డం ఎండోసోమ్ దగ్గర ఉంది. పాలీలైసీన్ అనే ఇంకో పాలిమర్‌కు ఇలా పెరుగుతుంది, దానికి ప్రొటాన్లు పీల్చే గుణం లేదు కాబట్టి. పీఈఐకి సాధారణంగా పెద్దగా పెరగదు. పెరగకపోతే కంగారుపడకండి, సమస్య అవతలి మెట్టులో ఉండవచ్చు.

ఆ అవతలి మెట్టు గురించే నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది. జెల్‌లో డీఎన్ఏ కదలకపోవడం చూసి మీరు సంతోషపడ్డారు. పట్టు గట్టిగా ఉందని దాని అర్థం. ఆ పట్టు కణంలోపల వదులుతుందా? వదలకపోతే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ ఆ డీఎన్ఏని చదవలేదు. ఇళ్లకు వచ్చే బియ్యం బస్తా మూతి కుట్టు చూసే ఉంటారు. లారీలో ఎంత దూరం పోయినా ఊడదు, ఇంటికి వచ్చాక సరైన దారం కొస పట్టి లాగితే సర్రున మొత్తం విడిపోతుంది. జీన్ డెలివరీకి కావలసిన పాలిమర్ అలాంటిది. మీ 25 కిలోడాల్టన్ల బ్రాంచ్డ్ పీఈఐకి ఆ కొస లేదు. కణంలో అది విరగదు, చిన్న ముక్కలు కాదు.

పట్టు ఎంతుందో కొలవడం తేలిక. పార్టికల్స్ చేశాక హెపారిన్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ వేర్వేరు ట్యూబుల్లో కలిపి, 37 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి జెల్‌లో నడపండి. హెపారిన్‌కి మైనస్ ఛార్జి ఎక్కువ, డీఎన్ఏని తోసి తను వెళ్లి పీఈఐకి అతుక్కుంటుంది. ఏ మోతాదు దగ్గర డీఎన్ఏ బ్యాండ్ తిరిగి కనిపించిందో అది మీ పట్టు కొలత. వేర్వేరు ఎన్/పి లకు ఇది చేసి, పక్కన జీఎఫ్‌పీ శాతం పెట్టి చూస్తే మీ ప్రాజెక్టుకు ఒక మంచి అధ్యాయం దొరుకుతుంది. మీ మొదటి జెల్ సగం ప్రశ్నకే జవాబు, మిగతా సగం ఈ జెల్.

ఆ తరవాత కేంద్రకం. రెండు వేల బేస్ పెయిర్లు మించిన డీఎన్ఏ సైటోప్లాజమ్‌లో దాదాపు కదలదు. కేంద్రక పొరలో ఉన్న రంధ్రాల గుండా ప్లాస్మిడ్ దానంతటది దూరలేదు. కణం విభజన చెందేటప్పుడు ఆ పొర కరిగిపోతుంది, అప్పుడే ఎక్కువ ప్లాస్మిడ్ లోపల చిక్కుతుంది. కాబట్టి మీ కణాలు చురుగ్గా విభజన చెందుతుండాలి. ముందురోజు వేసి, ప్లేట్ 60, 70 శాతం నిండినప్పుడు ట్రాన్స్‌ఫెక్షన్ చేయండి. పూర్తిగా నిండిపోయిన ప్లేట్ మీద వేస్తే ఎంత మంచి పార్టికల్ అయినా దండగే. మైకోప్లాస్మా (కల్చర్‌లో కంటికి కనిపించకుండా పెరిగే బ్యాక్టీరియా) టెస్ట్ చేయించారా? చేయించకపోతే మిగతా అన్నిటికంటే ముందు అది చేయించండి.

పార్టికల్ లోపలికి వెళ్లిందో లేదో చూడాలంటే ప్లాస్మిడ్‌కు రంగు తగిలించి ఫ్లో సైటోమీటర్‌లో (కణాల వెలుగును ఒక్కొక్కటిగా కొలిచే మెషిన్‌లో) చూడాలి. చూసేముందు కణాలను హెపారిన్‌తో కడగాలి, లేకపోతే బయట అంటుకున్నవన్నీ లోపల ఉన్నట్టే లెక్కలోకి వస్తాయి. మీ డిపార్ట్‌మెంట్‌లో మెషిన్ లేకపోతే ఊళ్లోనే ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ, ఐసర్, స్విమ్స్ ఉన్నాయి. మీ గైడ్ చేత ఒక లెటర్ రాయించుకుని వెళ్లి అడగండి. అడగడానికి మొహమాటపడి ప్రాజెక్టు పాడుచేసుకున్న పిల్లల్ని చూశాను, నాకు అది బాధగా ఉంటుంది.

పాలిమర్ మార్చడం గురించి ఇప్పుడు. మొదట మార్చాల్సింది బ్రాంచ్డ్ నుంచి లీనియర్ పీఈఐకి. కణాలకు దాని హాని తక్కువ, హెచ్ఈకేలో పని బాగుంటుంది. కైటోసాన్ మన పక్కనే నెల్లూరు వైపు రొయ్యల పెంకుల నుంచి తీయగలిగే పదార్థం, చవక, కణాలకు మెత్తన. కానీ దాని పీకేఏ (సగం ఛార్జి పోయే పీహెచ్) 6.5 దగ్గర. మీడియం పీహెచ్ 7.4లో దాని మీద ఛార్జి చాలావరకు పోతుంది, పార్టికల్ ముద్ద కడుతుంది. కణాలు చావడం తగ్గుతుంది, పచ్చదనం పెరుగుతుందన్న నమ్మకం లేదు. పీఎల్‌జీఏ ఈ పనికి వద్దు. పార్టికల్స్ చేసేటప్పుడు సోనికేషన్‌లో (శబ్ద తరంగాలతో చిలకడంలో) ప్లాస్మిడ్ తెగుతుంది, విడుదల రోజుల తరబడి సాగుతుంది, మీ ప్రాజెక్టుకు అంత టైమ్ లేదు.

బస్తా కుట్టు లాంటి కొస ఉన్న పాలిమర్లు రెండు రకాలు చెప్పుకోవాలి. ఒకటి పాలీ బీటా అమైనో ఎస్టర్లు. లిన్, లాంగర్ 2000లో జీన్ డెలివరీ కోసం వీటిని ముందుకు తెచ్చారు. నీటిలో ఎస్టర్ బంధాలు వాటంతటవే తెగుతాయి, అదే వీటి గొప్పతనం, అదే నిల్వ చేసేటప్పుడు కష్టం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, గాలిలో చెమ్మ. ఫ్రీజర్‌లోంచి తీసిన సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు. రెండోది డైసల్ఫైడ్ బంధాలతో చిన్న పీఈఐ ముక్కల్ని కలిపి చేసినవి. కణం లోపల ఈ బంధాలను తెంచే గ్లూటాథయోన్ 1 నుంచి 10 మిల్లీమోలార్ ఉంటుంది, బయట మైక్రోమోలార్లలోనే. బయట గట్టిగా ఉండి, లోపలికి వెళ్లాక ముక్కలవుతుంది. రెండువేల డాల్టన్ల కంటే చిన్న పీఈఐ ఒంటరిగా పని చేయదు కానీ హాని కూడా దాదాపు చేయదు, కాబట్టి విడిపోయాక కణం బతుకుతుంది. మీకు పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఈ రెండో రకం మంచి దారి.

మీ మేనత్తగారి అబ్బాయి సంగతి. ఇంట్లోవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు ప్లేట్‌లో చేస్తున్నది వైద్యం కాదు, ఈ పాలిమర్‌ను రక్తంలోకి ఎక్కిస్తే కావలసిన చోటికి పోదు. ఫ్యాక్టర్ 8 తయారయ్యేది ముఖ్యంగా లివర్ రక్తనాళాల గోడ కణాల్లో, పీఈఐ పార్టికల్స్ పోయేది ఊపిరితిత్తుల్లోకి.

జీన్‌ను మనిషిలోకి పంపడం మన ఊళ్లకు కొత్త సంగతేమీ కాదని కూడా చెప్పండి. కోవిషీల్డ్ వేయించుకున్న ప్రతి ఒక్కరికీ చింపాంజీ అడినోవైరస్‌లో పెట్టిన జీన్ ఎక్కింది. వైరస్ దారి బలమైనదే, ప్రమాదం లేనిది కాదు. 1999లో అమెరికాలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల అబ్బాయి అడినోవైరస్ జీన్ థెరపీ ట్రయల్‌లో చనిపోయాడు. జీన్ థెరపీలో వాడే ఏఏవీ అనే చిన్న వైరస్‌లో 4.7 కిలోబేస్‌ల దాకానే పడుతుంది. ఫ్యాక్టర్ 8 జీన్‌లో ఒక భాగాన్ని తీసేస్తే తప్ప అందులో ఇమడదు. వైరస్ లేని దారిలో 2018లో అనుమతి పొందిన పాటిసిరాన్ అనే ఎస్ఐఆర్ఎన్ఏ మందు, ఆ తరవాత ఎంఆర్ఎన్ఏ టీకాలు, మన జెన్నోవా టీకాతో సహా, అన్నీ లిపిడ్ పార్టికల్సే. పాలిమర్ పార్టికల్‌ను రక్తంలోకి ఎక్కించి మనుషుల్లో ఎస్ఐఆర్ఎన్ఏ పని చేసిందని 2010లో కాల్టెక్ బృందం చూపించింది, అది సైక్లోడెక్స్‌ట్రిన్ పాలిమర్.

అయితే మీ పీఈఐ జీన్ థెరపీలో ఇప్పటికే ఉంది. ఏఏవీ, లెంటీవైరస్ వెక్టర్లను (జీన్ మోసే వైరస్‌లను) తయారుచేసేటప్పుడు హెచ్ఈకే కణాల్లోకి ప్లాస్మిడ్లు ఎక్కించడానికి చాలాచోట్ల వాడేది లీనియర్ పీఈఐనే. మీరు నేర్చుకుంటున్న పని రేపు ఉద్యోగానికి నేరుగా పనికొస్తుంది.

హీమోఫీలియా ఎ విషయంలో మీకు దగ్గరలోనే ఆశ ఉంది. చిత్తూరు నుంచి అందరూ వెళ్లే రాయవేలూరులోనే, సీఎంసీలో, రోగి సొంత రక్త మూలకణాల్లోకి లెంటీవైరస్‌తో ఫ్యాక్టర్ 8 జీన్ ఎక్కించి తిరిగి ఇచ్చారు. ఐదుగురికి ఇచ్చారు, గమనించిన కాలంలో ఎవరికీ రక్తస్రావం కాలేదని 2024 డిసెంబరులో ప్రచురించారు. ఐదుగురే అన్నది మరిచిపోకండి, దానికి ముందు గట్టి కీమోథెరపీ కూడా ఇవ్వాలి. అక్కడి హెమటాలజీ వాళ్లను అడగమనండి. ఇప్పుడు వాడుతున్న ఫ్యాక్టర్ గానీ ఎమిసిజుమాబ్ (ఫ్యాక్టర్ 8 పని చేసే ఇంజెక్షన్) గానీ ఎవరి మాటా విని ఆపొద్దు. "నానో జీన్ థెరపీ" పేరుతో డబ్బు కట్టమని ఎవరైనా అంటే దగ్గరికి పోనివ్వకండి.

ప్రస్తుతానికి మైకోప్లాస్మా టెస్ట్, సరిచూసిన ఎన్/పి, కంట్రోల్స్‌తో నాలుగు నిష్పత్తులు, హెపారిన్ జెల్ పూర్తి చేయండి. 10:1 బరువా ఎన్/పినా, పార్టికల్స్ నీళ్లలో చేశారా ఉప్పు నీటిలోనా, కలిపాక ఎంతసేపటికి కణాల మీద వేశారు, మీడియంలో సీరమ్ ఉందా అన్నవి ఇక్కడే రాయండి. హెపారిన్ జెల్ ఫోటో కూడా పెడితే ఏ మెట్టు దగ్గర ఆగిందో చూసి చెబుతాను.